తప్పెట దరువుకు అరగంట: ఇంట్లోనే ఆటతో వ్యాయామం ఎలా చేయాలి

డాక్టరు వ్యాయామం చేయమన్నారంటే మన దగ్గర ఎక్కువమందికి తోచేది నడకే. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియానికో, విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకో బయలుదేరతారు. నడక మంచిదే. కానీ వాన పడినా, ఇంటికి చుట్టాలు వచ్చినా, తోడు వచ్చేవారు మానేసినా అది ఆగిపోతుంది. ఆగినదాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి మనసు రాదు. హుషారునిచ్చే పనికి మాత్రం ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అందుకే అడిగినవారందరికీ నేను ఒకటే చెబుతాను: నడక విసుగైతే ఆట ఆడండి, అంటే డ్యాన్సు చేయండి. వంటింట్లో ఒక్కరే అయినా సరే, మేడ మీద పదిమందితో అయినా సరే, పాట పెట్టుకుని అరగంట ఆడండి.

"నాకు డ్యాన్సు రాదు" అనేవారికి ఒక మాట. వేదిక మీద ప్రదర్శించే నృత్యానికి ఏళ్ల సాధన కావాలి. మన ఊళ్లలోని ఆటలకు అది అక్కర్లేదు. కోలాటం, చెక్కభజన, తప్పెటగుళ్లు అన్నీ పొలం పని, పశువుల పని చేసుకునేవారు సాయంత్రాలు ఆడి నిలబెట్టినవే. వాటిలో నాలుగైదు అడుగులే మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంకో సంగతి: ఆట ఆడవాళ్ల వ్యవహారమని మొహమాటపడే మగవాళ్లు తప్పెటగుళ్ల బృందాన్ని గుర్తు చేసుకోవాలి. అందులో గెంతేది మగవాళ్లే, అదీ మామూలుగా కాదు.

ఈసారి జాతరలోనో సంక్రాంతికో తప్పెటగుళ్లు చూసే అవకాశం వస్తే ఆడేవారి పాదాలను దగ్గరగా గమనించండి. ఛాతీ మీద వేలాడే రేకు తప్పెటను రెండు అరచేతులతో వాయిస్తూ, నోటితో పాడుతూ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎగురుతారు. చేయి తిరిగిన కళాకారుడు నేలకు దిగేటప్పుడు ముందు మునివేళ్లు తాకుతాయి, వెంటనే మడమ ఆనుతుంది, అదే క్షణంలో మోకాలు కాస్త వంగుతుంది. బరువంతా పిక్కలు, తొడలు పంచుకుంటాయి, మోకాలి కీలు మీద దెబ్బ పడదు. ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే చాలు, మిగతాదంతా సులువు. కింద చెప్పబోయే అడుగులన్నిటిలోనూ దీన్నే పాటించండి.

ఎంతసేపు ఆడాలి, దాని వల్ల ఏమొస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. కఠినంగా చేసేవారికి 75 నుంచి 150 నిమిషాలు చాలు. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు ఆడితే 150 నిమిషాలు పూర్తవుతాయి. ఒకేసారి అరగంట దొరకకపోతే పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది నిమిషాలుగా విడగొట్టుకున్నా లెక్కలోకి వస్తుంది. బడి పిల్లలకు మాత్రం రోజుకు సగటున గంట కదలిక అవసరం. వాళ్లను కూడా మీతోపాటు ఆడనివ్వండి.

కండరం కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను లాక్కుని ఇంధనంగా వాడుకుంటుంది. ఆట ఆపిన తర్వాత కూడా కొన్ని గంటల పాటు ఆ గుణం ఉంటుంది. అందుకే మధుమేహం ఉన్నవారు రెండు రోజులకు మించి ఎడం ఇవ్వకూడదని వైద్యులు చెబుతారు. క్రమం తప్పకుండా చేస్తే రక్తపోటు కొంత తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, దిగులు తగ్గుతుంది. ఇవి నడకతోనూ వస్తాయి. ఆటలో అదనంగా ఉన్నది మెదడుకు పని. పాట వినాలి, లెక్క తప్పకూడదు, చేయి ఒకవైపు వెళ్తుంటే కాలు ఇంకోవైపు వెళ్లాలి, పక్కవారిని గుద్దుకోకూడదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు తొలి అధ్యక్షులుగా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్లకు గజ్జెలు కట్టుకుని హరికథ చెప్పేవారు. ఒకేసారి రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో వేర్వేరు తాళాలు వేసేవారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనకు అంత అక్కర్లేదు, చేతికీ కాలికీ చెరో పని చెప్పగలిగితే చాలు. 75 ఏళ్లు దాటినవారిని కొన్నేళ్లపాటు గమనించి అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. అందులో పరిశీలించిన శారీరక వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించినది నృత్యం చేసేవారిలోనే. ఆట వల్లే ఆ జబ్బు రాలేదని దీనితో రుజువు కాదు. అయినా అమ్మమ్మలను, తాతయ్యలను లేపి నిలబెట్టడానికి నాకు ఈ కారణం చాలు.

బరువు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. 60 కిలోల మనిషి మధ్యస్థంగా అరగంట ఆడితే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. అది రెండు మూడు ఇడ్లీలతో సమానం. ఆడిన వెంటనే బజ్జీల ప్లేటు తెచ్చుకుంటే ఆ లెక్క అక్కడే చెల్లిపోతుంది. బరువు తగ్గాలంటే తిండినీ సరిచూసుకోవాలి. రెండు నెలలు ఆడినా కాటా ముల్లు కదలలేదని ఆట మానేయకండి. మెట్లెక్కుతుంటే ఆయాసం తగ్గిందా, నడుము పట్టేయడం తగ్గిందా అన్నవి చూసుకోండి.

మొదలుపెట్టే ముందు

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, నడిస్తేనే ఛాతీలో బరువు, ఈ మధ్యనే శస్త్రచికిత్స, గర్భం: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుతో మాట్లాడండి. ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు ఆడే ముందు పరీక్ష చేసుకుని, జేబులో బెల్లం ముక్కో చక్కెర పొట్లమో ఉంచుకోవాలి. చెమటలు పట్టి చేతులు వణికితే ఆట ఆపి వెంటనే నోట్లో వేసుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వారికి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనందరికీ తెలుసు. ఆ ప్రాంతంలో ఎండలో చెమటోడ్చి ఆడకండి, శరీరంలో నీరు తగ్గనివ్వకండి. జబ్బు ఇప్పటికే ఉందని తేలినవారు ఎంత నీరు తాగాలో, ఎంత ఉప్పు తినాలో డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి చెప్పే "బాగా నీళ్లు తాగండి" అన్న మాట వారికి వర్తించదు. కీళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి మాత్రలు కొనుక్కుని మింగి ఆడటం ఎవరికీ మంచిది కాదు. ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాల మీదే దెబ్బ కొడతాయి.

చోటు, వేళ, బట్టలు

రెండు చేతులు చాచి గుండ్రంగా తిరిగితే దేనికీ తగలనంత చోటు చాలు. మంచాన్ని గోడకు జరిపినా అంత చోటు వస్తుంది. మెరిసే టైల్స్ మీద చెమట చుక్క పడినా కాలు జారుతుంది, అందువల్ల పక్కన పాత గుడ్డ ఉంచుకోండి. మేడ మీద ఆడేవారు పిట్టగోడకు కనీసం రెండు గజాల దూరంలో ఉండండి. మన తీరంలో ఎండ కన్నా ఉక్కపోత ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మార్చి నుంచి జూన్ వరకు పొద్దున ఏడు లోపు, లేదా పొద్దుగుంకాక ఆడండి. పగలంతా కాలిన డాబా రాత్రి ఎనిమిదికి కూడా వేడి కక్కుతుంటే ఆ రోజు ఇంట్లో ఫ్యాను కిందే ఆడండి.

మట్టి నేల, చాప పరిచిన నేల అయితే వట్టి కాళ్లతో ఆడవచ్చు. సిమెంటు గచ్చు మీద మెత్తటి అడుగున్న బూట్లు మేలు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు ఎక్కడా వట్టి కాళ్లతో ఆడకూడదు. చిన్న రాయి గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. హవాయి చెప్పులతో మాత్రం ఎవరూ ఆడకండి. నైటీ అంచు కాలికింద పడుతుంది. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు పైకి దోపి కొంగు నడుముకు బిగించండి. పంజాబీ డ్రెస్సు అయితే చున్నీ పక్కకు ముడి వేయండి.

కడుపు నిండా తిన్నాక రెండు గంటలు ఆగాలి. పొద్దున ఖాళీ కడుపుతో నీరసం వచ్చేవారు ఒక అరటిపండు తిని మొదలుపెట్టవచ్చు.

మొదటి అయిదు నిమిషాలు: ఒళ్లు వేడెక్కించడం

నెమ్మదిగా సాగే పాట పెట్టండి. నిలుచున్న చోటే నడవండి, చేతులు మామూలుగా ఊపండి. నిమిషం తర్వాత భుజాలను ముందుకు ఎనిమిది సార్లు, వెనక్కి ఎనిమిది సార్లు తిప్పండి. నడుము మీద చేతులు పెట్టి తుంటిని గుండ్రంగా అటూ ఇటూ తిప్పండి. గోడ పట్టుకుని ఒక్కో పాదాన్ని చీలమండ దగ్గర తిప్పండి. మునికాళ్ల మీద లేచి దిగండి, పది సార్లు. ఒంటికి కాస్త వెచ్చదనం తెలిసేదాకా గెంతు జోలికి పోవద్దు. ఈ అయిదు నిమిషాలను వదిలేసినవారికే పిక్కలు పట్టేస్తాయి.

అసలు ఆట: ఆరు అడుగులు

సంగీతం నేర్చినవారి పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: ప్రతి అడుగునూ మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, నేర్చుకోండి. తడబాటు పోయాకే రెండో కాలం. నాలుగు దెబ్బల తాళం ఉన్న పాట ఏదైనా సరిపోతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెట్టండి, ఆ లెక్కే మీ ఊపిరిని కూడా సరిచేస్తుంది.

ఒకటి, పక్క అడుగు. కుడికాలు పక్కకు వేసి ఎడమకాలిని దానికి చేర్చండి, చేర్చినప్పుడు చప్పట్లు. తర్వాత ఎడమవైపు. ఇది తెలియనివారుండరు.

రెండు, ముందుకూ వెనక్కూ. మూడు అడుగులు ముందుకు, నాలుగో లెక్కకు చప్పట్లు. మూడు వెనక్కి, మళ్లీ చప్పట్లు. వెనక్కి వచ్చేటప్పుడు అడుగు చిన్నదిగా వేయండి.

మూడు, మడమ తాటింపు. కుడి మడమను ముందుకు చాచి నేలకు తాకించి వెనక్కి తీసుకోండి, తర్వాత ఎడమ. బరువు మోసే కాలి మోకాలు కాస్త వంగి ఉండాలి. ఎదురు చేయి ముందుకు చాచండి: కుడి మడమ వెళ్తే ఎడమ చేయి. ఇక్కడే చాలామందికి తడబాటు వస్తుంది. వస్తే చేతులు వదిలేసి కాళ్లతోనే రెండు రోజులు చేయండి, చేతులు వాటంతట అవే కలుస్తాయి.

నాలుగు, మోకాలు ఎత్తడం. నడుము ఎత్తుకు రానక్కర్లేదు, ఎంత వస్తే అంతే. ఎత్తిన మోకాలిని ఎదురు అరచేత్తో తట్టండి. వీపు ముందుకు వంగకూడదు.

అయిదు, తప్పెట గెంతు. దీనికి కాస్త సమయం తీసుకోండి. రెండు అరచేతులు ఛాతీ ముందు ఉంచి తప్పెట వాయిస్తున్నట్టు గాలిలో ఆడించండి. మొదట గెంతకుండా మోకాళ్ల దగ్గర మెల్లగా వంగి లేస్తూ దరువుకు ఊగండి. అది కుదిరాక నేల నుంచి పాదం రెండు వేళ్ల ఎత్తు లేస్తే చాలు. కుడికాలి మీద రెండు గెంతులు, ఎడమకాలి మీద రెండు. దిగేటప్పుడు మునివేళ్లు, మడమ, మోకాలు వరుసగా పని చేయాలి. చప్పుడు వినండి: కింద వాటాలోవారు ఉలిక్కిపడేంత "ధబ్" అని వస్తే మీరు మడమల మీద దిగుతున్నట్టు. కాళ్లకు చిన్న గజ్జెలు కట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. సరిగ్గా దిగితే గజ్జె ఒకేసారి మోగుతుంది, తప్పుగా దిగితే చెల్లాచెదురుగా మోగుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు, బరువు బాగా ఎక్కువ ఉన్నవారు, కాన్పయి ఎక్కువ కాలం కానివారు గెంతవద్దు. ఊగడం దగ్గరే ఆగిపోండి, గుండెకు అందాల్సిన మేలు దానితోనూ అందుతుంది.

ఆరు, తిరగడం. నాలుగు చిన్న అడుగుల్లో ఒక చుట్టు. ఒకసారి కుడివైపు తిరిగితే తర్వాత ఎడమవైపు తిరగండి. కళ్లు తిరిగేవారు చుట్టుకు బదులు సగం తిరిగి వెనక్కి రావాలి.

ఒక్కో అడుగును ఎనిమిది లెక్కల చొప్పున నాలుగు సార్లు చేసి తర్వాత దానికి మారండి. ఆరూ అయ్యాక మళ్లీ మొదటికి. మధ్యలో ఆయాసం వస్తే కూర్చోకండి, నిలుచున్న చోటే నడవండి. హఠాత్తుగా ఆగితే కాళ్లలోకి చేరిన రక్తం పైకి రావడం తగ్గి తల తిరుగుతుంది. ఈ భాగం ఇరవై నిమిషాలు. మొదటి వారం పది చాలు.

సరిగ్గా ఆడుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది

ఆడుతూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అది మధ్యస్థ వేగం. హాయిగా పాడగలుగుతుంటే వేగం పెంచండి. రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే తగ్గించండి. నాడి చూసుకోవడం తెలిసినవారు 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది, అందులో 64 నుంచి 76 శాతం మధ్య ఉండాలి. 45 ఏళ్లవారికి అది నిమిషానికి 112 నుంచి 133. అంటే 15 సెకన్లలో 28 నుంచి 33 సార్లు కొట్టుకోవాలి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు నాడిని పెరగనివ్వవు, వారు ఈ లెక్కను నమ్ముకోకుండా మాటల పరీక్షే చేసుకోవాలి.

ఛాతీలో పట్టేసినట్టు ఉండి ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, చల్లటి చెమటలు పోసినా, కళ్లు చీకట్లు కమ్మినా ఆట వెంటనే ఆపాలి. గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోను చేయండి.

చివరి అయిదు నిమిషాలు

పాట వేగం తగ్గించి నడవండి, తర్వాత గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి చాచి మడమ నేలకు అదిమి పిక్కను సాగదీయండి. ఒక్కో కాలికి ఇరవై, ముప్పై సెకన్లు. కుర్చీ అంచున కూర్చుని కాలు చాచి ముందుకు వంగితే తొడ వెనక కండరం సాగుతుంది. కుదుపులు వద్దు. తర్వాత నీళ్లో, పల్చటి మజ్జిగో, చోడి (రాగి) అంబలో తాగండి. రక్తపోటు ఉన్నవారు వాటిలో ఉప్పు తగ్గించుకోవాలి. రంగు సీసాల తీపి పానీయాలతో పని లేదు.

ఎవరి పనిని బట్టి వారి ఆట

పలాసలో జీడి గింజలు ఒలిచే ఆడవాళ్లు, పొందూరులో రాట్నం ముందు కూర్చునేవారు, కంప్యూటరు ముందు పనిచేసేవారు, వీరందరికీ తుంటి ముందు భాగం బిగుసుకుపోతుంది, మెడ ముందుకు వాలుతుంది. వీరు పక్క అడుగు, మడమ తాటింపు ఎక్కువగా చేసి, చేతులు తల మీదుగా వెనక్కి చాచే కదలికలు కలుపుకోవాలి. రోజంతా బురదలో వంగి నాట్లు వేసివచ్చిన మనిషికి సాయంత్రం గెంతులు అక్కర్లేదు, ఆ పని వ్యాయామం లెక్కలోకి వచ్చేసింది. వారికి కావలసింది నడుము వెనక్కి వంచి ఊరట ఇవ్వడం, నెమ్మదిగా పది నిమిషాలు ఊగడం. జూటు మిల్లులోనో దుకాణంలోనో రోజంతా నిలబడేవారు ముందు పది నిమిషాలు కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుని తర్వాత మొదలుపెట్టడం మేలు.

పెద్ద వయసువారికి కుర్చీ ఆట ఉంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. కూర్చునే మడమ తాటింపు, మోకాలు ఎత్తడం, చప్పట్లు. ఓపిక ఉంటే కుర్చీ వీపు పట్టుకుని పక్క అడుగులు. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు నిలదొక్కుకునే సాధన చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడటం అందుకు సరిపోతుంది. స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకోవడం కన్నా పెద్ద కష్టం ఆ వయసులో ఉండదు.

ఆట చేయలేని పని ఒకటుంది: భుజాలకు, చేతులకు చాలినంత బలం ఇవ్వదు. వారంలో రెండు రోజులు దాన్ని వేరుగా చూసుకోవాలి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలోనే, విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఊరంతా బరువులెత్తేవారే. ఆడపిల్ల బరువులెత్తితే ఏమవుతుందోనన్న భయం మన దగ్గరైనా పోవాలి. ఇంట్లో గోడకు చేతులు ఆనించి తోయడం పది సార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల పైకి ఎత్తడం పది సార్లు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పది సార్లు. రెండు వరుసలు చేస్తే పావుగంటలో అయిపోతుంది.

నలుగురు కలిస్తే కోలాటం

ఒక్కరే ఆడితే మానేయడం సులువు. వీధిలో నలుగురిని కూడగట్టండి, ఎనిమిది మంది అయితే ఇంకా మంచిది, సరిసంఖ్య ఉండాలి. మూరెడు పొడవు, బొటనవేలి లావు ఉన్న నున్నటి కర్రలు మనిషికి రెండు చాలు. బెరడు, పేళ్లు లేకుండా గీసి చివరలు గుండ్రంగా అరగదీయండి. కొత్తవారితో మొదలుపెట్టేటప్పుడు గుండ్రంగా నిలబడి ముందు తమ రెండు కర్రలనే కొట్టుకోవాలి, తర్వాత కుడిపక్కవారి కర్రతో, తర్వాత ఎడమపక్కవారితో. అడుగులు కదపకుండా ఇంతవరకు వచ్చాకే పక్క అడుగు కలపండి. కర్రను భుజం ఎత్తులోనే ఉంచండి, ముఖం ముందుకు రానివ్వవద్దు. కళ్లజోడు ఉన్నవారు, చిన్నపిల్లలు పెద్దల మధ్య నిలబడాలి. ఇద్దరిద్దరు చోటు మారే కోపులు (ఆట వరుసలు) నెల తర్వాత పెట్టుకోండి, మీ ఊళ్లో కోలాటం గురువు ఉంటే వారినే పిలిచి నేర్పించుకోండి. వారికి దక్షిణ తప్పకుండా ఇవ్వండి. వారంలో మూడు సాయంత్రాలు జట్టుగా, రెండు రోజులు ఇంట్లో ఎవరికి వారుగా ఆడితే అయిదు రోజుల లెక్క సరిపోతుంది. జ్వరం వచ్చి వారం పది రోజులు మానినవారు తిరిగి వచ్చినప్పుడు పది నిమిషాల దగ్గర, గెంతులు లేకుండా, మొదటి కాలంలోనే మొదలుపెట్టాలి.